వినేది ఒక్కరే

మా షెడ్డులో తలుపు పక్కన ఒక ఎత్తు స్టూలు ఉంది. దాని మీద కూర్చున్న మనిషి బీడీలు చుట్టక్కర్లేదు, చదివి వినిపిస్తే చాలు. మిగతావాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, పొగాకు వేసి చుడుతూ, దారం కడుతూ వింటారు. సాయంత్రం సరుకు అప్పజెప్పే ముందు ఒక్కొక్కరూ తమ చేటలోంచి కొన్ని తీసి ఆ మనిషి చేటలో వేస్తారు. చదివిన మనిషి వంతు అలా నిండుతుంది. కన్నూరు వైపు బీడీ షెడ్లలో ఇది అమ్మమ్మల నాటి పద్ధతి. చేతులకి పని ఉంటే చెవులెందుకు ఖాళీగా ఉండాలని ఏ పుణ్యాత్ములు పెట్టారో.

కరుణేట్టన్ ఆ స్టూలు మీద ఉన్నన్నాళ్ళూ పేపరు చదివితే రేకులు అదిరేవి. ఆయన రిటైరయ్యేసరికి పేపరు అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. స్టూలు మీద తడి గొడుగులు ఆరబెట్టుకోవడం మొదలైంది. ఆ తరవాత నా వేళ్ళు పోయాయి. పోయాయంటే ఊడిపోలేదు, బిగుసుకుపోయాయి. బీడీ తల మడవబోతే ఆకు చిరుగుతుంది. పెన్షను రావడానికి ఇంకా టైముంది. షెడ్డులోని ఆడవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పుష్పజేచ్చీ, నువ్వు స్టూలెక్కు. కరుణేట్టన్‌కి చుట్టలేదా, నీకూ చుడతాం" అన్నారు. మా వైపు చేచ్చి అంటే అక్క, ఏట్టన్ అంటే అన్న.

ఎక్కాను. పేపరు తెరిచి చదవబోతే, "ఇదంతా పొద్దున్నే చూసేశాం చేచ్చీ" అని ఆవలించేవారు. నాకు రోషం వచ్చింది. ఆవలింతలకి బీడీలు తీసుకునే రకాన్ని కాదు నేను. ఫోనులో పాడ్‌కాస్టులని ఏవో ఉంటాయని మా వీధి చివర రీడింగ్ రూములో లైబ్రేరియన్ సాబిరా చెబితే, ఒక యాప్ వేయించుకుని వెతికాను. అలా దొరికింది కార్త్యాయని టీచర్.

ఆవిడ నీలేశ్వరంలో రిటైరైన సైన్సు టీచరు. ఆవిడ కార్యక్రమం పేరు 'ఇంత చిన్న ప్రాణం'. చీమ, మిణుగురు, ఇసుకపీత, సాలీడు, ఇవే కథలు. "విను, నువ్వెప్పుడైనా చీమ దారి తప్పడం చూశావా?" అని మొదలుపెట్టేది. ఆ 'నువ్వు' అన్నది ఎవరికి వాళ్ళం మమ్మల్నే అనుకునేవాళ్ళం. సాలీడు గాలిలోకి నూలుపోగు వదిలి, దాన్ని పట్టుకుని ఎగిరిపోతుందని చెప్పిన రోజున కత్తెరలన్నీ ఆగిపోయాయి. మేస్త్రి రత్నాకరన్ వచ్చి దగ్గితే గానీ మళ్ళీ కదల్లేదు. వారానికి ఒక భాగం పెట్టేది ఆవిడ. మిగతా రోజుల్లో పాతవే మళ్ళీ పెట్టమనేవారు. ఎన్నిసార్లు విన్నా, అదే చోట అదే నోరు వెళ్ళబెట్టేవాళ్ళం.

వనజ ఒక్కతే గుచ్చేది. దాని నోటికి పొగాకు కంటే ఘాటెక్కువ. "చదివేది టీచరు. పుష్పజేచ్చి పెంచేది సౌండు. బీడీలు మాత్రం చేచ్చి చేటలోకి" అనేది. సాయంత్రం అందరూ వేశాక ఆఖర్న, దూరం నుంచే తన వంతు విసిరేది. అది అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు కాబట్టి నాకు ఇంకా మండేది.

ఓణం పండగకి ముందు తూనీగ కథ మొదలైంది. వానలు తగ్గాక మా పెరళ్ళలో గుంపులు గుంపులుగా తిరిగే పసుపు తూనీగలే. పిల్లలప్పుడు తోకకి దారం కట్టి ఆడుకున్నవే. అవి ఇక్కడ పుట్టి ఇక్కడే చస్తాయని కదా మేమనుకున్నది. కాదట. ఒక బీడీలో వేసే పొగాకంత బరువు ఉంటుందేమో ఆ ప్రాణి, అది గాలి మీద పైకి పోయి, మన ఒడ్డు దాటి, అరేబియా సముద్రం మీదికి పోతుందట. "ఇక కింద నేల లేదు. వాలడానికి ఒక గడ్డిపరక లేదు. మిగతాది వచ్చే వారం" అని టీచర్ ఆపింది. ముసలి జానకమ్మ చేతిలో ఆకు అలాగే పట్టుకుని, "అయ్యో తల్లీ, రాత్రి ఎక్కడ పడుకుంటుందే?" అంది. ఓణం సెలవులంతా మా ఇంట్లోనూ పెరట్లోనూ నాకు ఆ తూనీగే.

సెలవులయ్యాక స్టూలెక్కి ఫోను తీస్తే, యాప్ మొహం మారిపోయి ఉంది.

పాతది నాకెంత అలవాటంటే, వేలి కణుపుతో కళ్ళు మూసుకుని నొక్కేదాన్ని. మధ్యలో పెద్ద గుండ్రటి బటన్, కింద నా కార్యక్రమాల వరస, అంతే. ఇప్పుడు తెరంతా వంకాయ రంగు. బొమ్మలు కదులుతున్నాయి. ఎవడో గడ్డం వాడు నన్ను చూసి పళ్ళికిలిస్తున్నాడు. 'మీకోసం' అట! నాకోసం వాణ్ణి ఎవరు పిలిచారు? బటన్ ఉండేచోట నొక్కితే తలనూనె ప్రకటన వచ్చింది. దాన్ని మూయబోతే, "ముందుగా మీకు నచ్చిన ముగ్గుర్ని ఎంచుకోండి" అంది. ఎంచుకోమని చూపించిన ముప్ఫైమందిలో టీచర్ లేదు. పేరు కొట్టి వెతికితే క్రికెట్ గురించి ఇద్దరు పోట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఆపడం తెలియలేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

"పుష్పజా, తూనీగ?" అంది జానకమ్మ.

"వస్తుందమ్మా, ఉండు."

"సముద్రం మీద ఉంది కదే అది. ఎంతసేపని ఉంటుంది?"

వారం గడిచింది. రోజూ నొక్కుతూనే ఉన్నాను. ఒకరోజు వంటలు, ఒకరోజు జాతకాలు. టీచర్ మాత్రం లేదు. షెడ్డులో ఎవరి మాటలు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. సాయంత్రం నా చేటలో బీడీలు పడుతూనే ఉన్నాయి గానీ, వేసేవాళ్ళు నా మొహం చూడటం మానేశారు. నాకూ చూడాలనిపించలేదు.

రత్నాకరన్ మేస్త్రి చెడ్డవాడు కాదు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"పుష్పజేచ్చీ, సోమవారం మన షెడ్డు నడిపే సంఘం కమిటీవాళ్ళొస్తున్నారు. స్టూలు మీద ఒక మనిషి ఊరికే కూర్చుంటోందని ఎవరో చెప్పారట. చదివే మనిషి ఉంటే సరే. లేదంటే చేట తీసుకుని కింద కూర్చోమంటారు. నేనేం చెయ్యను?"

ఈ వేళ్ళతో కింద కూర్చోవడమంటే ఇంటికి పోవడమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్ళు ఆకు వాసనలో బతికి, ఎవడో ఎక్కడో కూర్చుని ఒక బటన్ జరిపినందుకు నేను లేచిపోవాలా? పని మానేసి ఏడుద్దామనిపించింది, తిడదామనిపించింది. రెండూ చేసి, పని వదలగానే రీడింగ్ రూముకి పోయాను.

సాబిరా బల్ల మీద పుస్తకాలకి అట్టలు వేస్తోంది. ఫోను తీసుకుని చూసి ముక్కు విరిచింది.

"కొత్తొక వింత, పాతొక రోత! బాగున్నదాన్ని కెలకకపోతే వీళ్ళకి పొద్దుపోదు. నాదీ ఇదే గోల చేచ్చీ, వారం నుంచీ."

"తిట్లు తరవాత తిడుదూ గాని, ముందు టీచర్ని తియ్యి."

ఒక యాప్ వేసింది. అది పాట వినాలన్నా బ్యాంకు కార్డు అడిగింది. దాన్ని పీకేసి ఇంకోటి వేసింది. అది నా పుట్టిన తేదీ, నాకు నచ్చిన రంగు అడిగి, ఆఖరికి ఆ గడ్డం వాణ్ణే మళ్ళీ తెచ్చి నిలబెట్టింది. "వీడు నిన్ను వదిలేలా లేడు" అని సాబిరా పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మూడోది ఎవరో ఊరికే చేసి జనానికి వదిలేసిందట. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు. మా షెడ్డు గోడలాగే ఏ సింగారమూ లేదు. సాబిరా అందులో 'ఇంత చిన్న ప్రాణం' అని కొట్టింది.

చీమ, మిణుగురు, ఇసుకపీత, సాలీడు, తూనీగ. అన్నీ వరసగా, ఒక్కటీ చెక్కుచెదరకుండా వచ్చి నిలబడ్డాయి. మధ్యలో పెద్ద గుండ్రటి బటన్.

"ఇదెలా? టీచర్ ఆ వంకాయ యాప్‌లో కదా ఉండేది! వీళ్ళకెలా ఇచ్చారు?"

"ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు చేచ్చీ. టీచర్ ఆ యాప్‌లో ఎప్పుడూ లేదు. తన మాటలు ఒకచోట పెట్టుకుంది. అక్కడికి దారి అందరికీ తెరిచే ఉంటుంది. ఏ యాప్ అయినా వెళ్ళి తెచ్చిపెట్టొచ్చు. ఇంట్లో రేడియో చెడిపోయిందనుకో, స్టేషను మూతపడుతుందా?"

ఇన్నాళ్ళూ ఆవిడ గొంతు ఆ పెట్టెలో ఉందనీ, తాళం వాళ్ళ చేతిలో ఉందనీ కదా నేను కుమిలిపోయింది! ఆ గొంతు ఎవరి పెట్టెలోనూ లేదు. నీలేశ్వరంలో ఒక ముసలావిడ మాట్లాడి, దారి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అడిగినవాళ్ళకల్లా అది అందుతోంది, అడగనివాళ్ళ కోసం అలాగే కాచుకుని ఉంది. ఇంత పెద్ద ఏర్పాటు ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఇన్నాళ్ళూ ఎవరూ దానికి తలుపు ఎందుకు బిగించలేదు?

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట" అన్నాను ఆఖరికి.

"పూజారిని మార్చేశాం, పో" అంది సాబిరా.

మర్నాడు పొద్దున టీ వేళకి స్టూలెక్కి, అందరి వైపూ ఒకసారి దర్జాగా చూశాను. ముఖ్యంగా వనజ వైపు. తూనీగ మొదటి భాగం కింద కొత్తది ఒకటే ఉంది, ముందురోజు సంబరంలో మేం చూడలేదు. పేరు 'చిన్న మాట'. కణుపుతో నొక్కాను.

"విను. ఇదే ఆఖరు" అంది టీచర్ గొంతు. "నా దగ్గర ఒక పేజీ ఉంది. ఎంతమంది విన్నారో చూపిస్తుంది. మొదటినుంచీ అందులో ఒకటే అంకె. ఒకటి. కన్నూరు దగ్గర ఎవరో ఒకరు, రోజూ పొద్దున టీ వేళకి వినేవారు. ఆ ఒక్కరి కోసమే ఇన్నాళ్ళూ చెప్పాను. ఓణం తరవాత ఆ ఒకటి కూడా సున్నా అయింది. విసుగొచ్చి ఉంటుంది, తప్పులేదు. వినేవాళ్ళు లేకుండా చెప్పడం నాకు చేతకాదు. ఉంటాను మరి."

అంతే. ఆగిపోయింది.

ముందుగా వనజే లేచింది.

"ఒక్కరా? మరి మేమంతా ఎవరం? రాట్నాలమా, రోకళ్ళమా?"

"ఫోను ఒకటే కదే" అంది జానకమ్మ మెల్లగా. "దానికి మన చెవులు కనిపిస్తాయా?"

నేను స్టూలు మీదినుంచి చూశాను. ఆ చివరి గోడ దాకా వరసలు వరసలుగా తలలు, ఒక్కో ఒళ్ళో ఒక్కో చేట. సాలీడు ఎగిరిందంటే ఊపిరి బిగబట్టినవాళ్ళు, ఇసుకపీత కాలు పోయి మళ్ళీ మొలిచిందంటే చప్పట్లు కొట్టినవాళ్ళు. ఇంతమందిమీ కలిసి అక్కడ ఆవిడకి ఒక్క మనిషిలా కనిపించాం. ఆవిడ ఆ ఒక్క మనిషినే 'నువ్వు' అంటూ పక్కన కూర్చోబెట్టుకుని అంత ప్రేమగా చెప్పింది. ఒక్కరికే అయితే ఎవరు చెబుతారు అంత శ్రద్ధగా? నాకు ఏడుపూ ఆశ్చర్యమూ కలిసి వచ్చాయి.

"తూనీగ అక్కడే ఉండిపోయిందే" అంది జానకమ్మ.

టీచర్ పేరు కింద రాసి పంపే చిరునామా ఉందని, గొంతు కూడా పంపొచ్చని ముందురోజు సాబిరా నాతో అన్న సంగతి వాళ్ళకి చెప్పాను. అది చెప్పగానే అందరూ నావైపు తిరిగారు.

"ఇన్నాళ్ళూ సౌండు పెంచావు. ఇప్పుడు నోరు పెంచు చేచ్చీ" అంది వనజ.

రికార్డు బటన్ నొక్కాను. "టీచర్, నేను పుష్పజని" అన్నాను. "మేం విన్నాం టీచర్." విన్నామంటే ఆవిడ ఎలా నమ్ముతుంది? ఊరికే జాలిపడి చెబుతున్నామనుకోదూ? ఏం చెయ్యాలో తోచక తూనీగ కథే మొదలుపెట్టాను. వానగుంటలో గుడ్డు, నీళ్ళలో రెక్కల్లేని పురుగై చేపపిల్లల్ని కూడా తినేంత ఆకలి, ఒకరోజు గడ్డికాడ ఎక్కి వీపు చీల్చుకుని బయటికి రావడం, తడిరెక్కలు ఆరేదాకా కదలకుండా కూర్చోవడం. ఎన్నిసార్లు విన్నానో, మాటలు వాటంతటవే వచ్చాయి. అన్నీ టీచర్ మాటలు కావు. "మన ఆకు తడిలో మెత్తబడి, గాలికి గట్టిపడినట్టు" అన్నాను రెక్కల గురించి. అది ఆవిడ చెప్పలేదు. గాలివాటం నేను తిరగేసి చెబితే, "కాదు చేచ్చీ, వానమబ్బు వెనకాలే పోతుంది" అని రెండు మూడు గొంతులు సరిచేశాయి. కత్తెరలు మళ్ళీ కదలడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు.

ఒడ్డు దాకా వచ్చాను. "అక్కడినుంచి మాకు తెలీదు టీచర్. మీరు చెప్పకపోతే అది అలా ఎగురుతూనే ఉంటుంది."

సాయంత్రం సాబిరా దాన్ని పంపింది. మర్నాడు జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. సోమవారం వచ్చింది.

కమిటీవాళ్ళు ఇద్దరు గొడుగులు ముడుచుకుంటూ వచ్చారు. పెద్దాయన దామోదరన్, ఒకప్పుడు ఇదే షెడ్డులో చుట్టినవాడు. "రీడరెవరు?" అన్నాడు. రత్నాకరన్ మేస్త్రి నావైపు చూపించి, పక్కకి తిరిగి దగ్గాడు. దామోదరన్ నా ఒళ్ళోని ఫోను చూశాడు, నా వేళ్ళు చూశాడు. అడగబోయే మాట ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. చేతులు ఊరుకోక ఫోను తెరిచాను. టీచర్ పేరు పక్కన చిన్న చుక్క. కొత్త భాగం.

కణుపుతో నొక్కాను. ముందు మాటలు రాలేదు. కత్తెరల చప్పుడు వచ్చింది.

అందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. ఒక్క కత్తెరా కదలడం లేదు. అయినా షెడ్డంతా కత్తెరల చప్పుడే. ఆ తరవాత ఎవరో గొంతు సవరించుకున్నారు. "టీచర్, నేను పుష్పజని."

మా కత్తెరల చప్పుడు తీసి ముందు పెట్టి, మేం పంపిందే టీచర్ వినిపిస్తోంది. నా గొంతు నాకు కొత్తగా ఉంది. అది వణుకుతూ మొదలై, వానగుంట దగ్గరికొచ్చేసరికి నిలదొక్కుకుంది. ఎవరూ ఆవలించలేదు. కథ ఇక్కడివాళ్ళకి కంఠతా వచ్చు, అయినా జానకమ్మ నోరు తెరిచే ఉంది. దామోదరన్ గుమ్మం మీద కూర్చున్నాడు. "అది అలా ఎగురుతూనే ఉంటుంది" అన్న దగ్గర ఆగింది.

అప్పుడు టీచర్ వచ్చింది. ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"విను పుష్పజా. మీరంతా వినండి. అది సముద్రం మధ్యలో చిన్న దీవుల మీద వాలుతుంది. అక్కడ గుడ్డు పెట్టడానికి మంచినీళ్ళ గుంటలు దాదాపు ఉండవు. అందుకని మళ్ళీ లేస్తుంది. అవతలి ఒడ్డున ఆఫ్రికాలో వానలు పడేవేళకి చేరుతుందని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. అక్కడ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తిరిగి మన పెరట్లోకి వచ్చేవి దాని పిల్లల పిల్లలు. వెళ్ళింది తిరిగి రాదు. వచ్చింది ఇంతకుముందు ఈ ఊరు చూడలేదు. దారి ఎవరు చెబుతారో నాకు తెలీదు."

రేకుల కింద ఒక పసుపు తూనీగ తిరుగుతోంది. అందరం దాన్ని చూశాం. ఏ సముద్రం దాటబోతోందో, ఏ సముద్రం దాటినవాళ్ళ మనవరాలో. నేను దానికి దణ్ణం పెట్టాను, సిగ్గుపడలేదు.

"నా పేజీలో ఇవాళ కూడా ఒకటే కనిపిస్తుంది" అంది టీచర్. "ఇక దాన్ని చూసి దిగులుపడను. వారానికి ఒకటి నేను చెబుతాను. మిగతా రోజులు నువ్వు చెప్పు పుష్పజా. ఆకు తడి మాట నాకు తట్టలేదు."

దామోదరన్ లేచి గొడుగు తీసుకున్నాడు. "రీడర్ ఉంది, రాసుకో" అన్నాడు రెండో ఆయనతో. గుమ్మం దాటినవాడు వెనక్కి తిరిగి, "తరవాతి కథ ఎప్పుడు చెబుతారు?" అని అడిగి మరీ వెళ్ళాడు.

సాయంత్రం చేటలు దులుపుకునే వేళకి, అందరికంటే ముందు వనజ లేచింది. విసరలేదు. దగ్గరికొచ్చి, తన వంతు నా చేటలో ఒద్దికగా పేర్చింది. ఏదో ఒకటి అనకుండా వనజ ఒక పని చెయ్యడం అదే మొదలనుకున్నాను. నా తొందర.

"రేపు చీమల కథ చెప్పు చేచ్చీ" అంది. "ఫోను తేకపోయినా ఫరవాలేదు."